ఒకే కవరులో రెండు దరఖాస్తులు

అనంతపురం,
17 నవంబరు 2002.

ప్రియమైన ఓబిలేష్‌కు,

తిప్పేష్ నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మన పల్లె పద్ధతి. ఈ ఏడు వేరుశనగ కాయ చేతికి రాలేదు కాబట్టి మా క్షేమం సగమే అనుకో. మిగతా సగం నువ్వు హైదరాబాదు నుంచి పంపాలి.

నువ్వు ట్రాన్స్‌ఫర్ తీసుకుని అక్కడి సాయంత్రం కాలేజీకి వెళ్లిపోయాక ఈ కమలానగర్ గదిలో నా గొంతు నాకే వినిపిస్తోంది. సెక్షన్లు పైకి చదివితే తప్పులు దిద్దేవాడు లేడు. ఎవిడెన్స్ యాక్టు చదువుతూ నిద్రపోతే లేపేవాడు లేడు. అద్దె సగం ఇచ్చేవాడు లేడని రాయబోయి ఆగాను, అది రాస్తే నిన్ను దానికోసమే తలుచుకుంటున్నానంటావు. పగలంతా హైకోర్టు ముందు టైపు కొట్టి, సాయంత్రం క్లాసుకు పోయి, ఎప్పుడు తింటున్నావో రాయలేదు. అది రాయి.

ఇది చివరి ఏడు. మే, జూన్‌లలో పరీక్షలైపోతే చేతిలో డిగ్రీ, ముందర రోడ్డు. మనం చేసుకున్న ఏర్పాటు గుర్తుంది కదా. ఎవరి కంట ముందు నోటిఫికేషన్ పడితే వాడు రెండు ఫారాలు తీసుకోవాలి. నేను నాది నింపి నీకు పంపితే, నువ్వు రెండూ ఒకే కవరులో పెట్టి ఆఫీసులో ఇవ్వాలి. నువ్వు పంపిన ఆ కార్పొరేషన్ లీగల్ అసిస్టెంట్ ఫారం అందింది. చివరి ఏడాది చదివేవాళ్లూ రాయవచ్చని ఉంది, ఆ ఒక్క వాక్యం కోసం ఎన్ని పేపర్లు తిరగేశామో. నింపి ఇందులోనే పెడుతున్నాను. ఫోటోలో నా మొహం చూసి నవ్వకు. మన జోనుకు, మన కేటగిరీకి ఉన్నది ఒక్క పోస్టే. ఎవరికొచ్చినా రెండోవాడు గదికి వచ్చి మూడు నెలలు తిని పోవచ్చని ఇప్పుడే ఒప్పందం రాసుకుందాం.

ఇక మిగతా దారులు నీకు తెలిసినవే. కోర్టులో సర్కారు తరఫున వాదించే ఏ.పి.పి. ఉద్యోగానికి మూడేళ్ల ప్రాక్టీసు కావాలంటారు. ఆ మూడేళ్లు సీనియర్ వెనక ఫైళ్లు మోస్తూ ఏం తిని బతకాలో ఏ చట్టంలోనూ రాయలేదు. బ్యాంకుల వాళ్లు అనుభవం అడుగుతారు. అనుభవం రావాలంటే ఎవరో ఒకరు ముందు ఉద్యోగం ఇవ్వాలి కదా అని వాళ్లను అడిగేవాడు లేడు. అయినా చేతులు ముడుచుకుని కూర్చోకుండా ఇక్కడి కోర్టులో నారాయణ గారనే సీనియర్ దగ్గరికి రోజూ పొద్దున పోతున్నాను. మొదటి రోజే ఆయన, ఏమప్పా, నీకు లా వచ్చునా, టైపు వచ్చునా అని అడిగాడు. రెండూ కొంచెం కొంచెం వచ్చన్నాను. అట్లయితే టైపు బాగా నేర్చుకో, లా నాకొచ్చు అన్నాడు. ఇదీ నా వకాల్తా వైభవం.

నువ్వు అడిగిన సంగతి చివరికి పెట్టాను, కోపగించుకోకు. అవును, ఊళ్లో విత్తనకాయల కొట్లాట కేసులో కళ్యాణదుర్గం కోర్టులో ఛార్జిషీటు వేశారు. నువ్వు రెండో ముద్దాయివి. జనవరిలో అందరికీ కాపీలు ఇస్తారట, ఆ రోజు నువ్వు రావాలి. దిగులుపడకు. మన ఆవులదొడ్డిలో ఫిర్యాదులో పేరు పడటం పెళ్లిపత్రికలో పేరు పడటం లాంటిదని నీకు తెలియదా? ఎదుటి వీధిలో చదువుకునేవాడి పేరు మొదట, ఉద్యోగస్తుడి పేరు తర్వాత, కట్టె పట్టుకున్నవాడి పేరు చోటు మిగిలితే. మీ కిందవీధి వాళ్లు మా పైవీధి తిప్పన్న మేస్టరు పేరు ఇట్లాగే రాయించలేదా, ఆయన ఆ రోజు ఎక్కడో పరీక్షల డ్యూటీలో ఉంటే? ఏడాది తిరక్కుండా రెండు వీధులూ రాజీపడి, కోర్టు బయట ఒకే బండి దగ్గర టీ తాగి వచ్చారు. ఇదీ అంతే.

ఊరి బస్సెక్కితే నువ్వు ముందు సీటు, నేను వెనక సీటు. కళ్యాణదుర్గం దాటి ఊరు కనుమరుగయ్యాక గానీ పక్కపక్కన కూర్చునేవాళ్లం కాదు. ఇద్దరికీ ఉద్యోగాలొస్తే ఊరి నుంచే ఒకే సీటులో కూర్చుని రావాలని నా కోరిక. ఎవడేమంటాడో చూద్దాం.

ఉత్తరానికి ఎదురుచూసే,
నీ తిప్పేష్.


అనంతపురం,
9 ఫిబ్రవరి 2003.

ప్రియమైన ఓబిలేష్‌కు,

క్షేమంగా చేరాను. పరీక్షకని వచ్చి నీ గదిలో రెండు రోజులు తిన్నదంతా తిని, నీ మంచం నేను తీసుకుని నిన్ను చాప మీద పడుకోబెట్టి వచ్చాను. మా అమ్మ హనుమంతమ్మ ఈ సంగతి విని నన్ను తిట్టింది. ఊరిబిండి పచ్చడి సీసా నీకే ఇచ్చానని చెబితే కొంచెం శాంతించింది.

పరీక్ష నేను ఫరవాలేదు, నువ్వు బాగా రాశావని నీ మొహం చూస్తేనే తెలిసింది. కాంట్రాక్టు ప్రశ్నలో నేను తప్పు పెట్టిన సంగతి బయటికొచ్చాక నువ్వు చెప్పావు. ఇంకో రెండు రోజులాగి చెబితే నీ సొమ్మేం పోయేది?

ఆ రెండు రోజుల్లో మనం మాట్లాడనిది ఒక్కటే, కేసు. జనవరిలో నువ్వు కళ్యాణదుర్గం వచ్చి కాపీలు తీసుకున్నావని ఊళ్లో విన్నాను. నువ్వు ఎత్తుతావేమోనని నేను, నేను అడుగుతానేమోనని నువ్వు, ఇద్దరం పప్పులో ఉప్పు గురించే మాట్లాడుకున్నాం. ఎదురుగా ఉన్నప్పుడు అడగనిది ఇప్పుడు కవరులో పెట్టి అడిగావు. ఆ రోజు నేను గదిలో జ్వరంతో ఉన్నానని చెప్పగలిగేవాడివి నువ్వొక్కడివే, నాకు నువ్వొక్క సాక్షివి చాలు, కోర్టులో ఏం చెబుతావో ముందు కాగితం మీద రాసి పంపు అన్నావు. ఉత్తరమంతా ఆ నాలుగు వాక్యాలే. నా ఆరోగ్యం కూడా అడగలేదు.

సరే, రాస్తున్నాను. 2001 జూన్ 12, మంగళవారం. మొదటి ఏడాది పరీక్షలైన వారం. నీకు ముందు రోజు నుంచి చలిజ్వరం, దుప్పటి కింద పళ్లు కొట్టుకుంటున్నాయి. పొద్దున సందు చివర డాక్టరును పిలుచుకొస్తే చీటీ రాయకుండా, నీ పేరైనా అడక్కుండా సూది వేసిపోయాడు. గంజి కాచి స్టవ్వు పక్కన మూతపెట్టి, నీ నుదుటి మీద తడిగుడ్డ వేసి, నేను తొమ్మిది గంటల బస్సెక్కాను. సబ్సిడీ విత్తనకాయలు ఇస్తున్నారు, నువ్వూ వచ్చి ఒక బస్తా మోయమని పెద్దనాయన కొండప్ప కబురు పెట్టాడు.

గోడౌను ముందు వరుస ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. మనుషులు నిలబడరు, రాళ్లు నిలబడతాయి. ముందు రోజే వచ్చి తలా ఒక రాయి, చెప్పు, పగిలిన బిందె పెట్టి చెట్ల నీడకు పోతారు. తలుపు తీసేసరికి మా పెద్దనాయన రాయి దాని చోటులో లేదు. మీ వీధివాళ్లు తన్నేశారని ఈయన, మేకలు తోసేశాయని వాళ్లు. రాయి కోసం మొదలైంది, చేతులదాకా పోయింది. ఎవరిదో గొడ్డలి కామకర్ర పెద్దనాయన మణికట్టు మీద పడి ఎముక విరిగింది. మీ వీధిలోనూ ఇద్దరి తలలు పగిలాయి. నేనూ ఆ గుంపులోనే ఉన్నాను, తోశాను, తోయించుకున్నాను. నువ్వు మాత్రం లేవు. తర్వాత పెద్దనాయన స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇచ్చాడు. నేను మరుసటి రోజు గదికి వచ్చేసరికి నీకు జ్వరం దిగింది.

ఇదంతా బోనెక్కి చెప్పడానికి నాకు నోరు లేక కాదు. పెద్దనాయనను అడిగాను. నాయన పోయాక నన్ను చదివిస్తున్నది ఆయనే కదా, అడక్కుండా ఎట్లా? ఆయన తింటున్న ముద్ద కింద పెట్టి, నువ్వు వాళ్లతట్టు బోనెక్కినావంటే ఈ వీధిలో కాలు పెట్టనియ్యను, మీ అమ్మను యాడ పెట్టుకుంటావో పెట్టుకో పో అన్నాడు. అమ్మ లోపలి నుంచి వింటూనే ఉంది, బయటికి రాలేదు.

నారాయణ గారిని పేర్లు చెప్పకుండా, ఫిర్యాదులో ఉన్న మాటలు చెప్పి అడిగాను, ఇట్లాంటి కేసు రాజీ అవుతుందా అని. ఫిర్యాదు చాలా గట్టిగా రాసినారప్పా, ఇందులో రాజీకి రాని సెక్షన్లు పడుండాయి, ఇంక సాక్షులే అడ్డం తిరగాల అన్నాడు. అడ్డం తిప్పిద్దాం. పెద్దనాయనకు కొంచెం కోపం చల్లారనీ. నువ్వు నన్ను తొందరపెట్టకు. నేను రానని అనలేదు. ఇప్పుడు రాలేనని అంటున్నాను.

నీ,
తిప్పేష్.


అనంతపురం,
22 జూన్ 2003.

ప్రియమైన ఓబిలేష్‌కు,

ఈసారి క్షేమ సమాచారాలకు ముందు శుభాకాంక్షలు. ఫలితాల కాగితం జిరాక్సు నువ్వు పంపకముందే నారాయణ గారి ఆఫీసులో పేపర్లో చూశాను. మన జోనులో నీ నంబరు మొదట, దాని కింద వెయిటింగులో నా నంబరు. పక్కపక్క నంబర్లు, ఒకే కవరులో పోయినవి ఒకే వరుసలో వచ్చాయి. నీ నంబరు చూసి ఆఫీసులోనే గట్టిగా అరిచాను. నారాయణ గారు నాకే వచ్చిందనుకుని టీ తెప్పించాడు. కాదు, నా స్నేహితుడికి అంటే, తాగేసినావు కదప్పా, పోనీలే అన్నాడు.

నేను ఇంకా పరీక్షల్లోనే ఉన్నాను, రెండు పేపర్లు మిగిలాయి. నీవి అయిపోయాయనుకుంటాను. పాసైతే చాలు, నీకు ఉద్యోగం ఖాయం, ఒక్క గడి తప్ప.

ఆ గడి గురించే నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. అటెస్టేషన్ ఫారంలో పన్నెండో గడి. మీ మీద ఏదైనా క్రిమినల్ కేసు పెండింగులో ఉందా, అవును లేక కాదు. కాదని రాస్తే పోలీసు వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. అవునని రాస్తే చూసినవాడు ఫైలు పక్కన పెడతాడు. ఏం రాయమంటావు తిప్పేష్ అని అడిగావు. ఇన్నాళ్ల చదువులో నువ్వు నన్ను సలహా అడిగింది ఇదే మొదటిసారి.

అవునని రాయి. కింద వివరం రాయి, ఆ రోజు ఊళ్లో లేనని రాయి. దాచినట్టు తేలితే దాచినందుకే తీసేస్తారు, ఆ తర్వాత కేసు కొట్టేసినా ఏ ఆఫీసూ నిన్ను గడప తొక్కనివ్వదు. నిజం రాసినవాడికి పోట్లాడటానికి కొంచెం చోటైనా మిగులుతుంది. ఇది చట్టం తెలిసినవాడి సలహా. స్నేహితుడి సలహా కూడా అనే అనుకుంటున్నాను.

మొన్న ఊరికి పోయాను. మళ్లీ విత్తనకాయల వరుస, మళ్లీ రాళ్లు. మీ అమ్మ బయమ్మ ఆ వరుస పక్కన కూర్చుని ఉంది. వీధిలో అందరూ చూస్తున్నా లేచి నా దగ్గరికి వచ్చింది. ఏమప్పా తిప్పేసూ, నా కొడుకుతో పాటే సదువుతాండావు గదా, వాడు ఆ దినం ఊళ్లో ల్యాకపాయెనని నువ్వన్నా జడ్జికి చెప్పరాదా అంది. చెబుతానమ్మా అన్నాను. యాడ చెప్తావో ఎప్పుడు చెప్తావో, ఆడ వానికి ఉద్యోగం వచ్చిండాదంట, పోతాదంట అని కొంగుతో మొహం తుడుచుకుంది. మా వీధివాళ్లు చూస్తున్నారని నేను రెండడుగులు వెనక్కి వేశాను. నాకు సిగ్గేసింది, అయినా వేశాను. ఇది నీకు వేరే ఎవరైనా చెప్పేలోపు నేనే రాస్తున్నాను.

వాన ఇంకా రాలేదు. వచ్చినా వేయడానికి చాలామంది దగ్గర కాయలు లేవు. నీ ఫారం రిజిస్టర్ పోస్టులో పంపు, రసీదు దాచుకో.

నీ,
తిప్పేష్.


ఆవులదొడ్డి,
26 అక్టోబరు 2003.

ప్రియమైన ఓబిలేష్‌కు,

ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండు కాగితాలు చించేశాను. క్షేమం అడగడానికి కూడా నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను, ఎట్లా ఉన్నావు?

కార్పొరేషన్ వాళ్లు నీకు పంపిన తిరస్కారం కాపీ అందింది. క్రిమినల్ కేసు పెండింగులో ఉన్నందున అభ్యర్థిత్వం రద్దు. ఒకటే వాక్యం. అందులో నువ్వు రాసుకున్న వివరం గురించి గానీ, జ్వరం గురించి గానీ ఒక్క మాట లేదు. నిజం రాయమని చెప్పింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు, నాకు కొంచెం తేలికవుతుంది.

రెండో సంగతి నీకు ముందే తెలిసినట్టుంది. నీ తర్వాతి నంబరు నాదే కాబట్టి ఆర్డరు నాకు వచ్చింది. నవంబరు పదో తేదీలోగా హైదరాబాదులో చేరాలి. పోస్టుమ్యాను వీధిలోనే గట్టిగా చదివేశాడు. పెద్దనాయన విరిగి అతుక్కున్న చేత్తోనే నా వీపు తట్టి, మన వీధికి తొలి గవర్నమెంటు లాయరు వచ్చినాడు అని అందరికీ చెప్పుకుంటున్నాడు. నేను లాయరును కాను, లీగల్ అసిస్టెంటునని చెబితే అదీ అదే లేరా అంటాడు. అమ్మ కొత్త చొక్కా గుడ్డ తెచ్చింది. పండగ వెళ్లి రెండు రోజులైనా మా ఇంట్లో దీపాలు తీయలేదు.

నీ కార్డు నిన్న వచ్చింది. చేరిపో, ఆలస్యం చేయకు, గది నాది ఉంది, అద్దె గురించి ఆలోచించకు. అంతే రాశావు. ఇంకేమైనా రాస్తావేమోనని కార్డు వెనక్కి తిప్పి చూశాను, అడ్రసు తప్ప ఏం లేదు.

కేసు నవంబరు 24కు వేశారు. ఆ రోజుతో మా వైపు సాక్షులు అయిపోతారట, తర్వాత మీ వైపు ఎవరైనా ఉంటే చెప్పాలట. నువ్వు నా పేరు ఇచ్చావని మీ లాయరు గుమాస్తా నారాయణ గారితో అన్నాడు. సమన్లు వస్తాయేమో. ఉద్యోగంలో కొత్తగా చేరినవాడికి సెలవు ఇస్తారో లేదో చూడాలి. వీలైతే తప్పకుండా వస్తాను. వీలు చేసుకోవాలనే ఉంది. నీకు ఇంకో నోటిఫికేషన్ రాకపోదు, కేసు తేలిపోతే నిన్ను ఆపేవాడు లేడు. ధైర్యంగా ఉండు.

నీ,
తిప్పేష్.

తా.క.: 11 నవంబరు.

ఓబిలేష్, పై ఉత్తరం రాసి పదహారు రోజులు పోస్టు చేయలేదు. మళ్లీ చదివితే ప్రతి వాక్యం అబద్ధం కాదు, అయినా మొత్తం అబద్ధం. అది చించకుండా దానికిందే ఇది రాస్తున్నాను, ఎట్లాంటివాడితో నీకు స్నేహమో నీకు కనిపించాలని.

తర్వాత పెద్దనాయన స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇచ్చాడు అని ఫిబ్రవరిలో రాశాను. ఆయనకు సంతకం రాదు. చేయి విరిగి కట్టు కట్టి ఉంది. స్టేషన్ వరండాలో తెల్లకాగితం నా ముందే పెట్టారు. నీకు సట్టం తెల్సు గదా, నువ్వే రాయి అన్నాడు పెద్దనాయన. బయమ్మ కొడుకు పేరు రాయి, రేపు లాయరై మన మీదికే వస్తాడు అన్నాడు. వాడు ఊళ్లో లేడు పెద్దనాయనా అన్నాను. ల్యాకపోతే ఏమి, రాయి అన్నాడు. రాశాను. లేడని ఒక్కసారే అన్నాను, రెండోసారి అనలేదు. ఆ పొద్దున నీ నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యే అది.

రాజీ అయిపోతుందిలే అనుకున్నాను. మన ఊళ్లో అన్నీ అయ్యాయి కదా అనుకున్నాను. మరి 'ఉమ్మడి లక్ష్యంతో చట్టవిరుద్ధంగా గుమిగూడి మారణాయుధాలు ధరించి' అని రాయమని పెద్దనాయన చెప్పాడా? ఆయనకు ఆ మాటలు పలకడం కూడా రాదు. అవి మన క్లాసు నోట్సులోవి. చదివింది వాడి చూపించాలని రాశాను. ఊళ్లోవాళ్లు రాసుకునే మామూలు ఫిర్యాదై ఉంటే ఎప్పుడో రాజీతో పోయేది. రాజీకి రాని కేసుగా దాన్ని చేసింది నా చదువే. పరీక్షల్లో నువ్వు ఎప్పుడూ నాకంటే అయిదారు మార్కులు పైనుండేవాడివి. నీ పేరు రాసేటప్పుడు అది నా మనసులో లేదని ప్రమాణం చేయలేను.

నీకు తెలుసు. జనవరిలో ఆ ఫిర్యాదు జిరాక్సు కాపీ నీ చేతికి వచ్చినప్పుడే తెలిసి ఉంటుంది. రెండేళ్లు నా నోట్సు చూసి రాసుకున్నవాడివి, నా రాత ఎరగవా? తెలిసే నాకు నీ మంచం ఇచ్చి చాప మీద పడుకున్నావు. తెలిసే నన్ను సాక్షిగా అడిగావు, పన్నెండో గడికి సలహా అడిగావు. ప్రతిసారీ నాకు చెప్పడానికి ఒక తలుపు తెరిచావు. నేను ప్రతిసారీ క్షేమ సమాచారాలు రాశాను.

చేరాల్సిన గడువు నిన్నటితో అయిపోయింది. నేను పోలేదు. ఇది త్యాగమని అనుకోకు, దీనివల్ల నీకు ఒరిగింది ఏమీ లేదు. ఉద్యోగం మన కింద నంబరు ఉన్న మూడోవాడికి పోతుంది, వాడెవడో మనకు తెలియదు. ఇంట్లో ఎందుకని అడుగుతున్నారు. అమ్మకు ఇంకా చెప్పలేదు.

నీ తరఫున బోనెక్కితే ప్రాసిక్యూటర్ అడిగే మొదటి ప్రశ్న, ఈ ఫిర్యాదు రాసింది ఎవరు అని. తెలిసి అబద్ధపు ఫిర్యాదు రాసినవాడికి ఏమవుతుందో ఇద్దరం చదివాం. నల్లకోటు సంగతి మరిచిపోవాల్సిందే. వస్తానని నీకు మాట ఇవ్వలేను. మాట ఇచ్చి వెనక్కి రెండడుగులు వేసేవాడినని మీ అమ్మకు కూడా తెలుసు. అందుకే రావడానికి ముందే, నాకు ధైర్యం ఉన్న ఈ ఒక్క పూటలోనే రాసి ఇస్తున్నాను. రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. 24న నేను కోర్టు దగ్గర కనిపించకపోతే ఈ కాగితం మీ లాయరు చేతికివ్వు. రెండు రాతలూ పక్కపక్కన పెట్టి చూడమను.

మన ఊళ్లో గొర్రెలు అమ్ముకున్న కాగితమైనా సరే, చివర రాసినవాడి పేరు లేకుండా ఉండదు. ఆ ఫిర్యాదు చివర అది లేదు. పెద్దనాయన వేలిముద్ర ఉంది, కింద ఖాళీ ఉంది. నేనే వదిలేశాను. ఆ వరుస ఇప్పుడు రాస్తున్నాను.

12-6-2001న ఆవులదొడ్డి కొండప్ప వేలిముద్ర వేసి ఇచ్చిన ఫిర్యాదు, ఆ రోజు ఊళ్లో లేని ఓబిలేష్ పేరుతో సహా, రాసినవాడు: తిప్పేష్, తండ్రి కీర్తిశేషులు ఆంజినప్ప, ఆవులదొడ్డి గ్రామం.